తలుపుల్లో నిలిచిన నీళ్లు

చాచా పోయారని ఆయన కూతురు పంపిన మెసేజ్ మొన్న ఉదయం చూశాను. ఆస్పత్రిలో పన్నెండు రోజులున్నారు. ఖననానికి కొద్దిమందినే రానిస్తారట, ఇంట్లోనే దువా చేయండి అని రాసింది. నాకు దువా చేయడం రాదు. అందుకే ఇది రాస్తున్నాను.

హాంబర్గ్‌లో చాచా మా పై అంతస్తులో ఉండేవారు. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చి, రిటైరయ్యేదాకా ఒక కార్ల షెడ్డులో సొట్టలు తీస్తూ, తుప్పు గీకుతూ పనిచేశారు. ఈ ఊళ్లో నాకెవరూ లేరన్న బెంగ రానివ్వని మనిషి. కరోనా మొదటి ఏడు రైలెక్కాలంటే భయమేసి నేనొక పాత కారు కొంటే, ముందు చూసింది ఆయనే. చక్రం పైనున్న రేకు మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నారు.

“ఉప్పుంది బేటా. చలికాలం మంచు కరగాలని రోడ్ల మీద చల్లుతరు గద, గదే. గోరువెచ్చటి నీళ్లతోని కడుగు.”

వైరస్ రోజుల్లో ఈ నాకడమేమిటని కూతురు కిటికీలోంచి కేకలేసింది. ఆయన మాస్కు పైకి లాక్కుని రెండో చక్రం దగ్గరికి నడిచారు.

ఆ శరదృతువులో రెండు శనివారాలు నా కారుకే ఇచ్చారు. మచ్చలు గీకి, ప్రైమర్ పూసి, సన్నటి గొట్టంతో తలుపుల లోపలికి మైనం కొట్టారు. “తుప్పు లోపటికెల్లి వస్తది, బయట కనబడేది ఆఖర్ల. నీళ్లు రాకుండ ఆపలేం. వచ్చినయి పోవాలె, గంతే,” అన్నారు. ఆ తర్వాత ఏదో చూపిస్తూ ఇంకా చెప్పారు, నేను వినలేదు. చెవిలో ఆఫీసు మీటింగ్ నడుస్తోంది. మీటింగ్‌కీ చాచాకీ కలిపి ఒకేసారి తల ఊపాను.

మరో వారం కారు కడుగుతుంటే తలుపుల కింది అంచున చిన్న చిల్లులు కనిపించాయి, తలుపుకి రెండు. మన ఇళ్లలో చిల్లు కనిపిస్తే ఊరుకుంటామా? బకెట్ అయినా నీళ్ల ట్యాంకైనా మూసెయ్యాల్సిందే. ఇండియా నుంచి తెచ్చుకున్న, చిల్లులు పూడ్చే సీలు ముద్ద కలిపి ఎనిమిదీ మూసేశాను. కనబడకుండా పైన నల్లరంగు కూడా వేసి, చాచా పనికి నేనూ ఓ చెయ్యి వేశానని మురిసిపోయాను.

ఏడాది తిరిగేసరికి తలుపుల అడుగున రంగు పొక్కులు లేచింది. చాచా మోకాళ్లు వంగక నిలబడే చూశారు. బొటనవేలితో ఒక పొక్కు నొక్కితే పొడిపొడిగా రాలింది.

“నా చెయ్యి పోయింది బేటా. ముసలోన్నయిన,” అన్నారు.

ఆ వారమే వానలో బ్రేకు వేస్తే తలుపుల్లో నీళ్లు గలగలమన్నాయి. నేను మూసింది నీళ్లు బయటికి పోయే దారులనని అప్పుడర్థమైంది. చెప్పాలి. చెప్పలేదు. ముద్ద పెకలిద్దామంటే పార్కింగ్ సరిగ్గా ఆయన కిటికీ కిందే. మెట్ల మీద ఎదురైతే ముఖానికి మాస్కు ఉన్నందుకు సంతోషించేవాణ్ని. ఇంకో తెలుగు కుటుంబం కారు తెస్తే, “నాతోని కాదమ్మా, వేరేటోళ్లకు సూపెట్టుకోండి,” అని పంపేశారు. గొట్టం, మైనం డబ్బాలు తీసుకెళ్లి సెల్లార్‌లో పడేశారు. అదీ చూశాను, అయినా నోరు విప్పలేదు. ఉత్త పిరికివాణ్ని.

తర్వాత చాచాకి పాజిటివ్ వచ్చింది. ఊపిరి సరిగ్గా ఆడటం లేదని, రేపు ఆస్పత్రిలో చేర్చాలని కూతురు చెప్పింది. ఇక ఆగలేకపోయాను. పైకెళ్లి మూసిన తలుపుకే చెప్పాను.

“చాచా, కారు తలుపుల కింద చిల్లులు నేనే మూసేశాను. మీ పని బాగానే ఉంది. తప్పు నాది.”

లోపల దగ్గు. ఎంతకీ తెగని దగ్గు. తర్వాత గొంతు వినిపించింది.

“ఎన్ని?”

“ఎనిమిది.”

“ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?”

నేను మాస్కు సర్దుకున్నాను.

“పో. ఇప్పుడే తీయ్. నేను సూస్తా.”

వాన పడుతోంది. తడినేల మీద పడుకుని స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటే పొడిచాను. టీ రంగు నీళ్లు మణికట్టు మీంచి చొక్కా చేతిలోకి కారాయి. తల తిప్పి చూస్తే పైన కిటికీ దగ్గర చాచా, భుజాల మీద దుప్పటి. చిల్లు తెరుచుకున్నప్పుడల్లా ఒక్కో వేలు లేపుతున్నారు. ఎనిమిదోది అయ్యాక లేచి నిలబడ్డాను. ఆయన నన్ను చూడటం లేదు. పోయిందన్న ఆ కుడిచేతిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు.