నాగాయలంక రేవులో తలకిందులు

మా బడికి గోడల్లేవు. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు ఓ డజను మంది, కోచ్ ప్రవీణ్, తెలుగూ చరిత్రా చెప్పే నేను, నెత్తిన కయాక్‌లు కట్టుకున్న వ్యాను, ఇంతే మా హైస్కూలు. ఏ నది ఒడ్డున దిగితే అక్కడే తరగతి. కయాక్ అంటే ఒక్క మనిషి నడుముదాకా దూరి కూర్చునే సన్నటి ప్లాస్టిక్ పడవ. కిందటి నెల దండేలి దగ్గర కాళీ నదిలో, బండల మధ్య నురగలు కక్కే నీళ్ళలో పిల్లలు దాన్ని ఉరికిస్తుంటే, నేను గట్టున తువ్వాళ్ళకు కాపలా కాశాను. విజయవాడ పటమటలో పుట్టి పెరిగిన నాకు నీళ్ళు బకెట్లో ఉంటేనే ఇష్టం.

తర్వాతి మజిలీ రిషీకేశ్, గంగ. దానికి ముందు వారంపాటు విజయవాడలో సాధన, గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో బస. అందరి ఇళ్ళ నుంచీ సరేనన్నారు, నాగమణి ఇంటి నుంచి తప్ప. నాగమణిది నాగాయలంక, ఏట్లో చేపలు పట్టే కుటుంబం. వాళ్ళమ్మ నాంచారమ్మ ఫోన్లో ఒకటే మాట: "ఆ ఆటేందో నా కళ్ళతో చూస్తేగానీ పంపను." మా బడిలో నీళ్ళంటే ప్రాణం పెట్టే పిల్ల ఒడ్డునే ఆగిపోతుందేమోనని నాకు మనసు మనసులో లేదు. అందుకే శనివారం అందరం నాగాయలంక బయల్దేరాం.

పడవలతో, పిల్లలతో వ్యాను నిండిపోయింది. నేనూ నాగమణీ ఉదయం ఏడింటికి అవనిగడ్డ బస్సెక్కాం. ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరు ఇద్దరికీ ఆడవాళ్ళ సున్నా టికెట్లు కొట్టి, నాగమణి ఒళ్ళోని తెడ్డు వంక చూసి, "దీనికీ ఆధార్ ఉందా అమ్మా?" అన్నాడు. ఉయ్యూరు దాటాక, మా మాటలు వింటున్న పక్క సీట్లో పెద్దాయన ఉండబట్టలేకపోయాడు.

"తెడ్డేస్తే మార్కులిస్తారా మీ బళ్ళో?"

"ఇస్తారు తాతా. మునిగితే కోసేస్తారు," అంది నాగమణి.

"మా రోజుల్లో బడి ఎగ్గొట్టి ఏట్లో దిగితే వీపు చిట్లగొట్టేవాళ్ళు!" అని ఆయన చల్లపల్లిలో దిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

అవనిగడ్డలో వేడి ఇడ్లీ, కారప్పొడి. మీరెప్పుడన్నా అటు వెళ్తే టిఫిను అక్కడే కానివ్వండి, నాగాయలంకలో దిగాక తిండి మాట గుర్తుండదు. అక్కణ్ణుంచి షేర్ ఆటో. రేవులో దిగేసరికి పది దాటింది, వ్యాను మాకంటే ముందే చేరింది. ఏరు అక్కడ ఎంత వెడల్పంటే, అవతలి గట్టు సన్నటి పచ్చగీతలా కనిపించింది. నాగమణి చుట్టాలూ పక్కాలూ అందరూ చేరారు.

ఉరికే నీళ్ళలో కయాక్ బోల్తా పడటం మామూలే. పడితే దిగిపోకుండా, తెడ్డుతో ఒక ఊపు, నడుముతో ఒక విసురు, పడవతో సహా పైకి లేవాలి. దాన్నే రోల్ అంటారు. ప్రవీణ్ ఇదంతా ముందే విడమరిచి చెప్పాడు. అందరూ తలలూపారు. నాగమణి పడవలోకి నీళ్ళు దూరకుండా నడుముకు రబ్బరు తొడుగు బిగించుకుని, నాలుగు బారలు వెళ్ళి, కావాలనే బోల్తా కొట్టింది.

ఇక చూడండి! వాళ్ళ మేనమామ చొక్కాతోనే దూకాడు. వెనకే ఇంకో ఇద్దరు. ఒకరు పడవ ముక్కు, ఒకరు జడ, ఒకరు జబ్బ, ఎటు దొరికితే అటు లాగారు. పడవ తిరగబడితే దూకటమే తెలిసిన మనుషులకు పాఠం ఎక్కడ గుర్తుంటుంది? లేవబోతున్న పిల్లను లేవనివ్వకుండా రక్షించేశారు. నాగమణి నీళ్ళు మింగి, దగ్గుతూ ఒడ్డుకొచ్చింది.

"చాలు. గంగా లేదు గింగా లేదు," అంది నాంచారమ్మ. ప్రవీణ్ ఎంత చెప్పినా వినలేదు. చివరికి నా వైపు తిరిగింది. "టీచరుగారూ, మీరెప్పుడన్నా దీంట్లో మునిగారా?"

"లేదండీ."

"మరి గట్టున కూచుని మా పిల్లని ఎట్టా పంపుతారండీ?"

నాకు కోపం వచ్చింది, ఆమె అడిగిన దాంట్లో న్యాయం ఉన్నందుకు. పైగా నాగమణి కళ్ళనిండా నీళ్ళతో నన్నే చూస్తోంది. "మునుగుతాను, చూడండి," అనేశాను.

లైఫ్ జాకెట్ తొడిగి నన్ను పడవలో కుక్కారు. తలకిందులయ్యాక చేతులు పైకి చాచి పడవ అడుగున మూడుసార్లు చరచాలట, పక్కన నిలబడ్డ మనిషి అప్పుడు చెయ్యి అందిస్తుందట. నడుం లోతులో నాగమణి నిలబడింది. కళ్ళు మూసుకుని ఒరిగాను.

ముక్కు నిండా ఏరు. కింద ఏదో పైన ఏదో తెలియలేదు. భయంతో మొదటి దెబ్బ నీళ్ళ మీదే పడింది. తర్వాత ఎలాగో ఒకటి, రెండు, మూడు చరిచాను. ఒక చెయ్యి నా చేతికి తగిలింది. గరుకుగా, గట్టిగా ఉంది. దాన్ని పట్టుకుని వేలాడి పైకొచ్చి చూస్తే, నాంచారమ్మ! చీర నడుందాకా తడిసి, నాకంటే ఎక్కువ రొప్పుతోంది. పక్కన నాగమణి, ఆమెను ఆపటానికి పట్టుకున్న భుజం ఇంకా వదల్లేదు.

"మీరు చరిచిందాకా ఆగానండీ," అంది ఆమె. "దూకటం తేలికే. ఆగటమే చచ్చేంత కష్టం."

నాగమణి మళ్ళీ పడవెక్కింది. ఈసారి నాంచారమ్మ ఒక చేత్తో తమ్ముడి చొక్కా, ఇంకో చేత్తో నా తడి చున్నీ పట్టుకుంది. పిల్ల మునిగింది. తెడ్డు పైకి తేలింది, పడవ ఊగింది, నాగమణి తల విదిలించుకుంటూ లేచి కూర్చుంది. పిల్లలు ఈలలు వేశారు. నాంచారమ్మ మొహం తుడుచుకుని, "ఏదీ, ఇంకోసారి చెయ్యవే!" అంది.

మధ్యాహ్నం వాళ్ళింట్లో రొయ్యల ఇగురుతో అన్నం తిని నాలుగింటికి తిరుగు బస్సెక్కాం. నాగమణి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నా చెవుల్లో ఇంకా నీళ్ళు గుడగుడమంటున్నాయి. ఇన్నేళ్ళలో ఇంత సంతోషంగా తడిసింది లేదు. పామర్రు దగ్గర నాంచారమ్మ ఫోన్ చేసింది. పిల్లకివ్వబోతే వద్దంది, మాట నాతోనేనట.

"టీచరుగారూ, అక్కడ గంగలో అది మునిగినప్పుడు ఎవురూ తొందరపడి లాగొద్దని చెప్పండి. మా పిల్ల తనే లేచిద్ది."