అశోక్ నగర్ గడ్డిలో తెల్ల ఆర్కిడ్లు

ఆ ఏడు ప్రత్యేక రాష్ట్రం గొడవల వల్ల కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. మళ్ళీ తెరిచేసరికి వానాకాలం సగం గడిచిపోయింది. నేను నారాయణగూడలో బీఎస్సీ చదువుతున్నాను. మా బోటనీ మేడమ్‌కి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. చంకలో కర్ర పెట్టుకుని నడిచేవారు. ఎవరైనా చెయ్యి అందిస్తే ఆమెకు గిట్టేది కాదు. మెట్ల దగ్గర ఒకసారి నేను సాయం చెయ్యబోతే, "నీ పుస్తకాలు నువ్వు పట్టుకో, చాలు," అన్నారు. ఆమెంటే అందరికీ భయమే.

ఆర్కిడ్ల పాఠం రోజున ఆమె ఒక స్పిరిట్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులో ఎన్నేళ్ళుగానో నానుతున్న పువ్వు టీ రంగుకు తిరిగి ముద్దలా ఉంది.

"ఇది తెల్లటి పువ్వు. నా మాట నమ్మండి," అన్నారు. "చెట్ల మీద కాదు, నేలలో పెరిగే ఆర్కిడ్. వానలు పడ్డాక మన బండల మధ్య గడ్డిలో వస్తుంది. ఆకులు వెడల్పుగా, నేలకు అతుక్కుని ఉంటాయి." అని బోర్డు మీద బొమ్మ గీశారు.

ఆ బొమ్మ చూడగానే నాకు మా ఇంటి వెనక స్థలం గుర్తొచ్చింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చినప్పటి నుంచీ మేం అశోక్ నగర్ చివర అద్దెకుంటున్నాం. మా వెనక, నాలా కాలువ దాకా ఇళ్ళు లేవు. బండలు, గడ్డి, సీతాఫలం పొదలు, మేసే గేదెలు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి వెతికాను. ఒక పొద నీడన మూరెడు కాడ నిలబడి ఉంది. దాని నిండా తెల్లపూలు.

కాలేజీకి పరుగున వెళ్ళి మేడమ్‌తో చెప్పాను.

"పీకావా?"

"లేదు మేడమ్."

"పువ్వు వెనక తోకలా గొట్టం ఉందా?"

"ఉంది. సన్నగా, పొడుగ్గా."

ఆమె కలం పక్కన పెట్టారు. కాలేజీలో నేనెప్పుడూ వినని ఇంటి మాటలో, "పదమూడేండ్ల సంది ఈ పాఠం చెప్తున్న. బతికున్న పువ్వు ఒక్కటి చూడలే," అన్నారు. "చదువుకునేటప్పుడు టూర్లకు నన్ను తీస్కపోలే. నువ్వు నడవలేవన్నరు."

శనివారం మధ్యాహ్నం ఇద్దరం రిక్షా ఎక్కాం. చిక్కడపల్లి దాటి, మా ఇల్లు దాటి, రోడ్డు ఆగిపోయిన చోట దిగాం. అక్కడి నుంచి వంద అడుగులుంటుందేమో. కానీ బండలు తడిసి ఉన్నాయి. నాలుగడుగులు వేసేసరికి మేడమ్ కర్ర బురదలో దిగబడింది. తూలి, బండ పట్టుకుని నిలదొక్కుకున్నారు.

రిక్షా అతను పరుగెత్తుకొచ్చాడు. "నా భుజం పట్టుకోండ్రమ్మా. నా సొంత అక్కనైతే ఎత్తుకుని పోతుంటి."

"వద్దన్నా. జర ఆగు."

ఆమె చుట్టూ చూశారు. కర్ర నా చేతికిచ్చి, ముందు బండ మీద, అక్కడి నుంచి నెమ్మదిగా నేల మీదికి జారి కూర్చున్నారు. గంజి పెట్టిన చీర. రెండు అరచేతులూ తడి గడ్డిలో ఆనించి, కూర్చున్నట్టే ముందుకు జరగడం మొదలుపెట్టారు. నాకు ఎటు చూడాలో తెలియలేదు. రిక్షా అతను మాత్రం ఆమె ముందుకు వెళ్ళి, దారిలో ఉన్న ముళ్ళూ గులకరాళ్ళూ ఏరి పారేశాడు.

సగం దూరం వెళ్ళాక మేడమ్ గట్టిగా అరిచారు. "ఆగు! కాలు తియ్యి!"

నేను ఉలిక్కిపడి వెనక్కి జరిగాను. నా చెప్పు పక్కనే రెండు వెడల్పాటి ఆకులు నేలకు కరుచుకుని ఉన్నాయి. ఇంకా పూత పట్టలేదు.

"ఒక్కటే ఉన్నదన్నవ్ గదా? అటు చూడు. ఆ బండ కింద చూడు." ఆమె కూర్చున్న చోటు నుంచే వేలితో చూపించారు. మొత్తం పదకొండు. మొన్న నేను వాటి మీదుగానే నడిచి వెళ్ళి ఉంటాను. సిగ్గేసింది.

పూలకాడ దగ్గరికి చేరి ఆమె మోచేతి మీద ఒరిగారు. పువ్వును ముట్టుకోలేదు. తర్వాత చిన్న చాకుతో కాడ మొదలు దగ్గర మట్టి తీసి నన్ను రమ్మన్నారు. లోపల రెండు దుంపలున్నాయి. ఒకటి ముడతలు పడి మెత్తబడింది, రెండోది నున్నగా, నిండుగా ఉంది.

"పాతది ఈ పువ్వు కోసం అరిగిపోయింది. ఇది వచ్చే ఏటికి," అంటూ మట్టి మళ్ళీ కప్పి అరచేత్తో అదిమారు. సీసా కోసం ఒకే ఒక పువ్వు తుంచుకున్నారు.

తర్వాత రెండు వానాకాలాలు కూడా నేను వెళ్ళి వాటిని చూసొచ్చి ఆమెకు చెప్పాను. మూడో ఏడు అక్కడ పునాదులు తవ్వారు. ఆ కబురు చెప్పడానికి వారం రోజులు తటపటాయించాను. విని, "ఇంకోచోట ఉంటయి, చూడాలె," అని మాత్రం అన్నారు.

పూలు చూసొచ్చిన ఆ శనివారం చిక్కడపల్లి సందులో వాళ్ళింటి ముందు రిక్షా ఆగేసరికి వాళ్ళమ్మ గుమ్మంలో ఉంది. కూతురి చీర నిండా బురద చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"ఏమైంది బిడ్డా? పడ్డవా?"

"పడలేదమ్మా. కూసున్న," అన్నారు మేడమ్. ఆ మాటకు ఆమెకే నవ్వొచ్చింది. తల్లి నమ్మకుండా నా వైపు చూసింది. నిజమేనని తలూపాను. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి కూతురి చేతుల మీద పోసింది.

రిక్షా అతన్ని లోపలికి రమ్మంటే బయటే నిలబడ్డాడు. మేడమ్ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో అతని కోసం చాయ్ గ్లాసు పట్టుకుని మెట్లు దిగుతుంటే, ఈసారి నేను కదలకుండా కూర్చున్నాను.