లాంచీలో దారి ఇచ్చిన సత్యం అన్న

నిన్న పొద్దున స్టవ్ మీద కుక్కర్ పెడుతుంటే ఫోన్ మోగింది. భద్రాచలం నుంచి కాంతమ్మ వదిన.

"మీ అన్న పోయిండమ్మా" అంది. ఆ తర్వాత ఏడుపే.

స్టవ్ ఆపడం కూడా మర్చిపోయాను. పోయిన వారమే "తిన్నవా టీచరమ్మా" అని ఫోన్‌లో అడిగిన మనిషి. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

సత్యం అన్న నాకు చుట్టం కాదు. మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలియాలి, అందుకే రాస్తున్నాను.

ఎనభైల్లో నా ఫస్ట్ పోస్టింగ్ గోదావరి ఒడ్డున ఒక అడవి ఊళ్లో. బస్సు లేదు. భద్రాచలం నుంచి లాంచీ ఎక్కాల్సిందే. ఆ లాంచీలో అన్న కళాసీ. తాళ్లు విసరడం, జనాన్ని ఎక్కించడం, దించడం ఆయన పని.

కింది హాల్లో అటూ ఇటూ బెంచీలు. మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి. దాని చివర పైకి మెట్లు.

ఆ దారిలో సామాను కనిపిస్తే అన్నకు ఒళ్లు మండేది. ఉప్పు బస్తా, కోళ్ల గంప, ట్రంకు పెట్టె, ఎవరిదైనా సరే టాప్ మీదికి పోవాల్సిందే.

"ఇదేమన్న మీ ఇంటి అరుగా? దారి దారిలెక్కనే ఉండాలె" అనేవాడు.

ఒకసారి ఓ కొత్త పెళ్లికొడుకు పరుపుచుట్ట దారికి అడ్డంగా వేసుకుని దర్జాగా దాని మీదే కూర్చున్నాడు. అన్న ముందు పెళ్లికొడుకును ఎత్తి బెంచీ మీద పెట్టాడు, తర్వాత పరుపును పైకి చేరవేశాడు. పెళ్లికూతురు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

అంత మొండి మనిషి ఒకే ఒక్కసారి మెత్తబడ్డాడు.

శ్రీరామనవమి మర్నాడు. లాంచీ నిండా కల్యాణం చూసి ఇళ్లకు వెళ్లే జనం. నా ఒళ్లో నెలల పిల్ల, మా పెద్దమ్మాయి. మాకు బాగా ముందున్న వరసలో ఒక ముసలమ్మ తలంబ్రాల మూట తెచ్చుకుంది. టాప్ మీద పెట్టనివ్వదు, బెంచీ కింద కాళ్ల దగ్గర అసలే పెట్టదు. దారిలో చిన్న పీట వేసి దాని మీద పెట్టింది.

అన్న వచ్చాడు, చూశాడు. రోజూ గుడి మెట్లెక్కి దండం పెట్టుకోనిదే పనిలోకి దిగని మనిషి. "రాములోరి బియ్యం. ఉండనీ" అని వెళ్లిపోయాడు.

ఎండాకాలం, నీళ్లు తక్కువ. కొంత దూరం పోయాక అడుగున బండ తగిలింది. వెనకవైపు చెక్క పగిలి నీళ్లు లోపలికి వచ్చాయి. లాంచీ ఒక పక్కకు ఒరిగింది. జనం లేచి మెట్ల వైపు తోసుకున్నారు. ఆ తోపులాటలో పీట పడింది, మూట విప్పుకుంది, తలంబ్రాలు దారి నిండా చెల్లాచెదురయ్యాయి.

అంతే, అందరూ ఆగిపోయారు.

ప్రాణం మీదికొచ్చినా తలంబ్రాల మీద కాలు పెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. ముందున్నాయన చెప్పులు విడిచాడు. ఇంకొకాయన వంగి గింజలు ఏరడం మొదలుపెట్టాడు. ఇప్పుడు తలుచుకుంటే పిచ్చిగా అనిపిస్తుంది. కానీ ఆ ముందు వరసలో ఉంటే నేనూ ఆగేదాన్నే.

వెనక మాకు నీళ్లు మోకాళ్లు దాటాయి. నేను పిల్లను భుజం మీదికి ఎత్తుకున్నాను.

"ఏంది, కదలరేంది?" మెట్ల దగ్గర నుంచి అన్న అరిచాడు.

"తలంబ్రాలు పడ్డయన్నా."

అన్న దిగి వచ్చాడు. ఆ గింజల వైపు చూసి చేతులు జోడించాడు. రెండు కాళ్లూ వాటి మధ్యలో పెట్టి నిలబడ్డాడు.

"తొక్కిన పాపం నాది. మీరు నా కాళ్ల మీద అడుగేసి దాటుర్రి. జల్దీ."

ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి తన పాదాల మీదుగా దాటించాడు. నేనూ అలాగే దాటాను. నా బిడ్డ ఏడుస్తుంటే ఆ హడావుడిలోనూ దాని వీపు తట్టాడు.

అందరం బతికాం. పడవలు వచ్చి మమ్మల్ని ఒడ్డుకు చేర్చాయి.

అన్న మాత్రం ఆ తర్వాత గుడి మెట్లు ఎక్కలేదు. భద్రాచలంలోనే ఉంటూ, గుడి గంట వినపడేంత దూరంలో ఉంటూ, కింద నుంచే దండం పెట్టుకునేవాడు. పిల్లలు కలగకపోతే దానికీ ఆ పాపమే కారణమన్నాడు. వదిన ఎంత బతిమాలినా వినలేదు.

నాకు కోపం వచ్చేది. ఇంతమందిని బతికించావు, పాపమెక్కడిదన్నా అని ఎన్నోసార్లు పోట్లాడాను.

"నీకెట్ల తెలుస్తది టీచరమ్మా. గింజలు నా కాళ్ల కింద నలిగినయ్. ఆ సప్పుడు నాకే ఇనపడ్డది" అనేవాడు.



నిన్న ఖమ్మం నుంచి నేనూ మా పెద్దమ్మాయీ వెళ్లాం. అన్నను వాకిట్లో పడుకోబెట్టారు. వదిన నా చెయ్యి పట్టుకుని, "మొన్న కూడ అడిగిండమ్మా, రాముడు నన్ను రానిస్తడా అని. నేనేం చెప్పాలె?" అంది.



మా అమ్మాయి వెళ్లి అన్న పాదాల దగ్గర కూర్చుంది. రెండు పాదాలనూ చేతుల్లోకి తీసుకుని, వాటి మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. ఎవరో లేపబోతే వదిన వద్దంది.

"ఉండనీయుర్రి. ఆయన చూస్తే బాగుండు" అంది.

సత్యం అన్నా, పోయిరా. ఇప్పటికైనా నీ మనసుకు నెమ్మది దొరకాలి.