దొడ్డమ్మ ఫొటోల దింపు

మా దొడ్డమ్మ పోయింది. రాజోలు నుంచి ఆవిడ కొడుకు, మా అన్నయ్య ఫోన్ చేసేసరికి నేను అమలాపురంలో, కాలేజీలో క్లాసుకి వెళ్లబోతున్నాను. "చెల్లీ, అమ్మ పోయిందే," అన్నాడు. పొద్దున్న కాఫీ తాగి, పంచదార తక్కువైందని వదినకి చెప్పి, కుర్చీలో అలాగే వెనక్కి వాలిపోయిందట. ఇద్దరం ఫోన్లోనే ఏడ్చాం. ఏడుపు మధ్యలో ముక్కు చీదుకుని అన్నయ్య ఇంకో మాట అన్నాడు. "పెద్దకార్యం నాటికి ఫ్రేము కట్టించాలే. అమ్మ ఫొటో ఇంట్లో సరైనది ఒక్కటీ లేదు. ఆ కంప్యూటర్ సంగతి నీకే తెలుసు. నువ్వొచ్చి వెతకాలి."

మా బంధువుల్లో దొడ్డమ్మ ఫొటో తియ్యని మొహం లేదు. అలాంటి మనిషిదే ఒక్క ఫొటో లేకపోవడమేమిటని మీకు అనిపించవచ్చు. ఆవిడని ఎరిగినవాళ్లకి మాత్రం అందులో వింతేమీ లేదు.

దొడ్డమ్మ ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. రిటైరైన రోజున తోటి టీచర్లంతా కలిసి ఒక డిజిటల్ కెమెరా కొనిచ్చారు. ఇచ్చి తప్పు చేశామని వాళ్లకి ఆ సభలోనే తెలిసింది. దండ మెడలో ఉండగానే కెమెరా విప్పి, వేదిక మీదున్న పెద్దల్ని లేపి, పొడుగు పొట్టి చూసి వరసలో నిలబెట్టి, తన సన్మాన సభ ఫొటోలు తనే తీసింది. అందుకని ఆ సభ ఫొటోల్లో అందరూ ఉన్నారు, సన్మానం పొందినావిడ తప్ప.

ఆ రోజు నుంచీ కెమెరా ఇంకొకళ్ల చేతికి ఇస్తే ఒట్టు. పెదనాన్న ఒకసారి సరదాపడి, "ఇలా తేవే, నిన్నొకటి తీస్తాను," అని అడిగారు. "వద్దండీ. మీరు తీస్తే తలలు తెగిపోతాయండీ," అంది. ఫోన్లు వచ్చాక మేం ఆవిడని తీయబోతే, మేం తీసేలోగా ఆవిడ మమ్మల్ని తీసేది. మా అందరి ఫోన్లలోనూ ఉన్న దొడ్డమ్మ ఒకటే: నల్లటి కెమెరా, దాని పైన నెరిసిన పాపిడి, రెండు పక్కలా మోచేతులు.

ఒకసారి నరసాపురంలో పెళ్లికి వెళ్తూ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం. పంటు మీద మోటారు సైకిళ్లు, కొబ్బరి బస్తాలు, మాతోపాటు ఊరిజనం. గోదావరి మధ్యలోకి వెళ్లాక దొడ్డమ్మకి ఫొటో బుద్ధి పుట్టింది. మమ్మల్ని వరసలో పెడుతుంటే పక్కనే గంప పట్టుకున్న ఒకాయన మొహమాటంగా అడిగాడు.

"నన్ను కూడా నిలబడమంటారాండీ?"

"ఆయ్, మీరు పొడుగు. వెనకవరసలోకి వెళ్లండి. గంప కింద పెట్టండి."

అంతే, పంటు మీదున్న వాళ్లంతా వచ్చి వరసల్లో నిలబడ్డారు. పంటు ఒడ్డుకి చేరింది, ఎవరూ దిగలేదు. నడిపేవాడు గోల పెడుతున్నాడు. "కదలకండి, కదలకండి," అంటూ దొడ్డమ్మ ఎంతసేపటికీ చాలనలేదు. ఇంటికొచ్చి చూస్తే అది ఫొటో కాదు, వీడియో. ఊరూ పేరూ తెలియనివాళ్లతో సహా అందరం ఊపిరి బిగబట్టి బొమ్మల్లా నిలబడి ఉన్నాం. వెనక నీళ్లు కదులుతున్నాయి, ఒకరి కొంగు ఎగురుతోంది, పైనుంచి దొడ్డమ్మ గొంతు వినిపిస్తోంది. ఆవిడ తీసిన వీడియోలన్నీ ఇంతే. ఫొటో అనుకుని తీసినవే. పోనీ వీడియో అని తెలిసి తీసినప్పుడైనా కదలనిచ్చేదా అంటే, అప్పుడూ కదలనిచ్చేది కాదు.

తీసినవాటిని కంప్యూటర్లోకి ఎక్కించడాన్ని ఆవిడ దింపు అనేది. మా కోనసీమలో చెట్టు నుంచి కొబ్బరికాయలు దించడం ఉంది చూశారూ, అదే దింపు. కార్డు నిండితే కాయ ముదిరినట్టు. ఆవేళ పొద్దున్నే తలస్నానం చేసి, కంప్యూటర్ టేబుల్ తుడిచి, కెమెరాలోంచి కార్డు తీసి కళ్లకద్దుకుని పెట్టేది. తెర మీద పచ్చగీత మెల్లిగా సాగుతుంటే ఇంట్లో మిక్సీ వెయ్యకూడదు, మోటారు వెయ్యకూడదు, గట్టిగా నడవకూడదు. వదిన పచ్చడి రుబ్బడానికి కొబ్బరి కోసుకుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. "ఎంతవరకూ వచ్చిందండీ అత్తయ్యగారూ?" అని గుమ్మంలోంచి గుసగుసగా అడిగేది. "సగం దిగేరు. మీ పుట్టింటివాళ్లే ఆలస్యం చేస్తున్నారు," అనేది దొడ్డమ్మ.

ఇక దింపినవాటిని సర్దడం. నేను కంప్యూటర్ పాఠాలు చెప్పి బతికే మనిషిని. వేసవి సెలవుల్లో వెళ్లి, ఆ ఫొటోలన్నీ తారీఖుల ప్రకారం చక్కగా సర్దిపెట్టి వచ్చాను. మళ్లీ వెళ్లేసరికి అన్నీ మొదటికొచ్చాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"తారీఖుతో వెతకడానికి ఇవేవన్నా కరెంటు బిల్లులటే? మనుషులు. మనిషిని బట్టి వెతకాలి," అంది తాపీగా.

కాబట్టి ఆవిడ ఫోల్డర్లన్నీ మనుషులే. చివర గారు లేకుండా ఒక్క ఫోల్డరు కూడా లేదు. ఏడాది నిండని మనవడికి కూడా గారే. మాటలు లేని అన్నదమ్ముల్ని ఒకే ఫోల్డర్లో పెట్టేది కాదు, లోపల ఇబ్బంది పడతారని. వాళ్లు రాజీపడ్డారని తెలిస్తే వెంటనే కలిపేసేది. మా బంధువుల్లో ఎవరెవరికి మాటలున్నాయో తెలుసుకోవాలంటే నేను ఆ కంప్యూటరే తెరిచి చూసేదాన్ని.

ఒక్క ఫొటో తీసేస్తే ఒట్టు. కళ్లు మూసినవి, మసకబారినవి, సగం మొహం పోయినవి, అన్నీ ఉండాల్సిందే. ఒకసారి నేనొకటి డిలీట్ చేయబోతే, "అది చెత్తబుట్టే. మేనత్తగారిని పట్టుకెళ్లి చెత్తబుట్టలో వేస్తావా?" అని నా మీదకి లేచింది. బాగా రానివాటి కోసం వేరే ఫోల్డరు పెట్టింది. దాని పేరు 'కాస్త పక్కన కూర్చోండి'. ఒకే ఫొటో రెండోసారి దింపినప్పుడు, పాతది ఉంచాలా కొత్తది ఉంచాలా అని కంప్యూటర్ అడిగేది. "ఇద్దర్నీ ఉండనీ, వచ్చినవాళ్లని పొమ్మంటామా," అని రెండూ ఉంచేది. మూడోసారి మూడు. ఇలా మర్యాదతోనే ఆ డిస్కు నిండిపోయింది. అన్నయ్య ఇంకోటి కొని తెచ్చాడు, అదీ నిండింది.

అసలు గొడవంతా 'పెద్దలు' అన్న ఫోల్డరుతో వచ్చింది. గోడమీద బతికున్నవాళ్ల ఫొటోల వరసలో పోయినవాళ్ల ఫొటో పెట్టం కదా. కంప్యూటర్లో మాత్రం ఎందుకు పెట్టాలని దొడ్డమ్మ లెక్క. ఎవరైనా పోతే, దినాలు అయ్యాక కూర్చుని, వాళ్లున్న ఫొటోలన్నీ తీసి పెద్దల్లోకి చేర్చేది. ఆ ఫొటోల్లో పక్కన ఇంకెవరున్నారో చూసేది కాదు.

పలివెలలో మా బంధువుల పెళ్లయింది. పెళ్లికొడుకు తాతగారికి ఫొటోలంటే మహా ఇష్టం. తాళి కడుతుంటే ఉన్నారు, తలంబ్రాలు పోస్తుంటే ఉన్నారు, భోజనాల దగ్గర ప్రతి బంతిలోనూ ఉన్నారు. పెళ్లయిన కొన్నాళ్లకి ఆయన కాలం చేశారు. తర్వాత పెళ్లికొడుకు తల్లి పెన్ డ్రైవ్ పట్టుకుని దొడ్డమ్మ దగ్గరికి వచ్చింది. ఆవేళ నేనూ అక్కడే ఉన్నాను.

"మావాడి పెళ్లి ఫొటోలు కాస్త ఎక్కించి ఇస్తారేమోనని వచ్చేనండీ."

"అయ్యో, దానికేం భాగ్యమండీ. పెద్దల్లో ఉన్నాయి," అంది దొడ్డమ్మ మౌసు తిప్పుతూ.

"పెద్దల్లో అంటేనండీ?"

"పోయినవాళ్లండీ."

ఆవిడ తెర మీదకి వంగి చూసింది. మా పెదనాన్న ఫొటోకీ, ఎవరో ముసలమ్మ ఫొటోకీ మధ్యలో తన కొడుకూ కోడలూ బాసికాలతో నవ్వుతున్నారు. ఆవిడ ముందు తెల్లబోయింది, తర్వాత శోకాలు పెట్టింది, ఆ తర్వాత తిట్టింది. తిట్టేటప్పుడు కూడా అండీ మాత్రం వదల్లేదు. "నిక్షేపంలా ఉన్న పిల్లల్ని పెద్దల్లో కలిపేసేరాండీ! మీ చేతులెలా వచ్చేయండీ!" మర్నాటి నుంచీ దొడ్డమ్మ తాతగారు ఉన్న ఫొటోలూ లేని ఫొటోలూ విడదీయడం మొదలుపెట్టింది. ఆయన లేని ఫొటో దొరికితే లాటరీ తగిలినట్టు అందరికీ ఫోన్ చేసి చెప్పేది.

ఇదీ నేను వెతకాల్సిన కంప్యూటరు. పెద్దకార్యం దగ్గర పడుతోంది. ఫ్రేములు కట్టే ఆయన ఫొటో ఎప్పుడిస్తారని అడుగుతున్నాడు. నేను ఫోల్డరు వెనక ఫోల్డరు తెరిచాను. దొడ్డమ్మ వేలు దొరికింది, చాలా ఫొటోల మూలల్లో. నీడ దొరికింది, సాయంత్రం తీసిన ఫొటోల్లో మా అందరి మీదా పొడుగ్గా పడి. మనిషి మాత్రం దొరకలేదు. అన్నయ్య ఆధార్ కార్డు తెచ్చాడు. అందులో మొహం చూసి వదిన ఏడ్చేసింది. "అత్తయ్యగారిని పోలీసులెవరో పట్టుకెళ్లినట్టుందండీ, వద్దండీ," అంది. పెళ్లినాటి ఫొటో ఒకటుంది. దానికి దండ వేస్తే, వచ్చినవాళ్లు ఎవరో కన్నెపిల్ల పోయిందనుకుని గుండెలు బాదుకుంటారు.

నాకు దొడ్డమ్మ మీద కోపం వచ్చింది. ఊళ్లోవాళ్లందరినీ దాచిపెట్టింది, మాకోసం తనని ఒక్కదాన్ని ఉంచలేకపోయింది. ఎప్పటికైనా ఆ మొహం మర్చిపోతానేమోనని భయం కూడా వేసింది. ఆ భయం ఎవరికీ చెప్పలేక మౌసు టేబుల్ మీద కొట్టాను. వదిన కొబ్బరినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, మెల్లిగా అడిగింది.

"కెమెరాలో చూసేరా అమ్మాయిగారూ? ఈమధ్య దింపు కాలేదు."

ఎవరమూ చూడలేదు. ఆవిడ పోయాక కూడా ఆ కెమెరా ముట్టుకోవాలని మాకు తోచలేదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఉంది. కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాను. వదిన లేచి వెళ్లి, ఎవరూ చెప్పకుండానే మిక్సీ స్విచ్చి కట్టేసి వచ్చింది.

ఆఖరున ఒక వీడియో ఉంది. కెమెరాని టేబుల్ మీద పెట్టి, ఆపబోయి వీడియో నొక్కినట్టుంది. తెర పక్కనుంచి దొడ్డమ్మ మొహం నిండుగా కనిపించింది. కళ్లజోడు ముక్కు చివర, మొహం మీద తెర వెలుగు. ఫొటోలు సర్దుకుంటోంది. ఒక్కో ఫొటో తెరిచి, దాంతో మాట్లాడుతోంది.

"పొట్ట లోపలికి లాక్కోరా అంటే ఊపిరి బిగబట్టేడు వీడు. వెర్రినాగన్న." అన్నయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"నా కోడలు. ఎప్పుడు తీసినా నవ్వుద్ది. పంచదారే వెయ్యదు." వదిన నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత నేను. "కంప్యూటర్లన్నీ వచ్చు దీనికి. ఫొటోకి కళ్లు తెరవడం రాదు." వేలితో తెర తుడిచింది. "తిన్నావటే అమ్మడూ? చిక్కిపోయేవు."

నేను ఇంక ఆపుకోలేకపోయాను. ఎదురుగా ఉన్న మనిషికి చెప్పినట్టు, తిన్నాను దొడ్డమ్మా అని పైకే అన్నాను.

చివరికి పెదనాన్న ఫొటో తెరిచినట్టుంది. కళ్లజోడు పైకి తోసుకుని, తలెత్తి, కొంగు సర్దుకుంది. "మీకేవండీ, హాయిగా ఒకచోట కూర్చున్నారు. నాకింకా పలివెల పెళ్లి సగం మిగిలిపోయింది. ఉండండి, ఇదయ్యేక వస్తాను." అక్కడితో ఛార్జింగ్ అయిపోయి వీడియో ఆగిపోయింది.

వీడియో మొత్తంలో ఆవిడ నిండుగా తలెత్తింది ఆ ఒక్కచోటే. ఆ ముక్కని ఫొటోగా చేసి ఫ్రేములాయనకి ఇచ్చాం. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మాట్లాడుతున్నట్టు పడ్డారండీ. నోరు మూసుకుని ఉన్నది లేదాండీ?"

"లేదండీ. బతికున్నప్పుడూ లేదండీ," అన్నాడు అన్నయ్య.

ఫ్రేము ఇప్పుడు రాజోలు ఇంట్లో హాల్లో ఉంది. మెడలో దండ, కళ్లలో పెదనాన్న మీద విసుగు, సగం తెరిచిన నోరు. వచ్చినవాళ్లు పువ్వు పెట్టి, దణ్ణం పెట్టుకుంటారు. పెట్టుకుని వెంటనే వెళ్లిపోరు. మాట మధ్యలో లేచిపోతే బాగుండదన్నట్టు, ఆవిడ చెప్పేది పూర్తయ్యేదాకా కాసేపు అక్కడే నిలబడతారు.