బీడీ దారంతో కట్టిన కోడి

కామారెడ్డిలో మా కాలనీ హాలులో ఆదివారం పూట రిటైరైన వాళ్లకని మనశ్శాంతి క్లాసు ఒకటి మొదలుపెట్టారు. మా ఆయన పోరు పడలేక పోయినవారం నేనూ వెళ్లాను. నేర్పే అమ్మాయి కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమంది. పెట్టాను. అది రెండు ఊపిరుల దాకా నిలబడి, ఇంట్లో స్టవ్ కట్టేశానా లేదా అన్న దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడి నుంచి నీళ్ల మోటారు, మోటారు నుంచి పాలవాడు. ఒక కన్ను తెరిచి చూస్తే పక్కన మా ఆయన హాయిగా కునుకు తీస్తున్నాడు. ఆ అమ్మాయి దాన్ని ధ్యానమే అనుకుని మెచ్చుకుంది కూడా. చివర్లో తలా ఒక నోటుబుక్కు చేతికిచ్చి, మీరు నిండుగా సంతోషపడిన రోజు ఏదో రాయమంది. అందరూ పిల్లల పెళ్లిళ్లు, మనవళ్ల పుట్టుకలు రాశారు. నాకు గుర్తొచ్చిన రోజు గురించి రాస్తే ఆ పిల్ల హడలిపోతుందని పుస్తకం మూసి ఇంటికి తెచ్చేసుకున్నాను. దాని గురించే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను ఎల్లారెడ్డిలో సర్కారు బడి టీచర్‌గా చేశాను, కాపురం కామారెడ్డిలో. ఏళ్ల తరబడి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. బస్సులో ఉంటే బడి గురించీ, బడిలో ఉంటే బస్సు గురించీ ఆలోచించేదాన్ని. మధ్యాహ్నం అన్నం తింటూ రాత్రి కూర ఏమిటా అనుకునే మనిషిని. మా అత్తమ్మ ఉండే ఊరు ఎల్లారెడ్డి దాటాక పోచారం వెళ్లే దారిలో, బడి నుంచి ఆటోలో పావుగంట. అంత దగ్గరున్నా ఆమెను చూడటానికి వెళ్లినప్పుడల్లా చెప్పులు విప్పకుండానే మాట్లాడి వచ్చేసేదాన్ని. ఆమె అరుగు మీద ఒళ్లో చాట పెట్టుకుని, ఆకు, తంబాకు, దారం పరుచుకుని బీడీలు చుడుతూ ఉండేది. "జెర కూసో బిడ్డా" అనేది. "బస్సు పోతది అత్తమ్మా" అనేదాన్ని. ఇన్నేళ్లలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు దాదాపు ఇవే.

నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, ఓ శ్రావణంలో, స్నానం చేస్తుంటే రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. కామారెడ్డి డాక్టరమ్మ చూసి, అందులోంచి ముక్క తీసి పరీక్షకు హైదరాబాద్ పంపింది. పది రోజులు ఆగమంది. ఆగడం అన్నది నాకు పుట్టుకతోనే రాని విద్య. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. సర్దిన బీరువానే మళ్లీ సర్దాను. చూసి చూసి మా ఆయన సెలవు చీటీ తనే రాసిచ్చి, నన్ను తీసుకుపోయి వాళ్లమ్మ దగ్గర దింపాడు. సంగతి ఆమెకు చెప్పేశాడు కూడా. ఆమె నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "వంకాయ తింటవా, గోకరకాయ తింటవా" అని మాత్రం అడిగింది.

ఆ ఊళ్లో ఫోను సిగ్నలు అందరి ఇళ్లల్లోకి రాదు. మా ఇంట్లో అయితే డాబా మీద నీళ్ల ట్యాంకు దగ్గర మాత్రమే దొరికేది. ఫోనును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, వానకు తడవకుండా ట్యాంకు మూత కింద దూర్చి పెట్టాను. పూటకు పదిసార్లు మెట్లెక్కేదాన్ని. ఎక్కేటప్పుడు భయం, దిగేటప్పుడు కోపం. కింద అత్తమ్మ ఆకు కత్తిరించడం, చుట్టడం, దారం వేయడం ఒక్క తీరున సాగుతూనే ఉండేవి. ఆమె నిదానం చూస్తే ఒళ్లు మండేది. కోడలికి ఇంత కష్టమొస్తే ఈమెకు చీమ కుట్టినట్టైనా లేదే అనుకున్నాను.

ఆరో రోజు సాయంత్రం ఆమె దారం కొరికి, "తెల్లారి పోచమ్మకు బోనం తీస్తున్న. తల మీద నువ్వే ఎత్తుకోవాలె" అంది. నాకు అర్థం కాలేదు. గండం గడిచాక కదా ఎవరైనా మొక్కు తీర్చుకునేది. పక్కింటి వదిన గోడ మీంచి తొంగిచూసి, "ఏందవ్వా, పని గాకముందే దేవతకు బయానా ఇస్తున్నవా" అని నవ్వింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని నాకూ అనిపించింది. ఉండబట్టలేక అడిగేశాను.

"రిపోర్టే రాలేదు గదా అత్తమ్మా. చెడ్డగొస్తే?"

"గడ్డ సంగతి డాక్టరమ్మ జూస్కుంటది" అంది. "ముప్పై ఏండ్ల సంది జూస్తున్న, ఈ ఇంట్ల నువ్వు ఆరు దినాలు ఎన్నడన్న ఉన్నవా? గిప్పుడున్నవ్. గందుకు."

నాకు సిగ్గేసింది. మళ్లీ ట్యాంకు దగ్గరికి వెళ్లాను. ఈసారి ఫోను కోసం కాదు, కళ్లు తుడుచుకోవడానికి.

మర్నాడు పసుపు రాసి, వేపరెమ్మలు చుట్టి, పైన దీపం పెట్టిన కుండను నా తల మీద ఎత్తారు. అలవాటు లేని తల. ఊరి బయటి గుడి దాకా బురద. దీపం ఆరకూడదు, కుండ ఒరగకూడదు, కాలు జారకూడదు. మెడ తిప్పడానికి లేదు. ఒక అడుగు వేశాక దాని తర్వాతి అడుగే లోకం. లోపలి బెల్లమన్నం వేడి నడినెత్తికి తెలుస్తూ ఉంది. గుడి దగ్గర కుండ దించాకగానీ గుర్తు రాలేదు, దారి పొడుగునా నేను గడ్డ గురించి తలుచుకోలేదని.

అసలు తమాషా అప్పుడు జరిగింది. చేతికి అందిందే కదా అని అత్తమ్మ పోచమ్మకు కోయాల్సిన కోడి కాళ్లను బీడీల దారంతో కట్టి తెచ్చింది. అది రెండు గింజుకులు గింజుకోగానే పుటుక్కున తెగింది. కోడి పక్కనున్న మక్కజొన్న చేనులో పడింది. ఎనభైకి దగ్గరపడ్డ మా అత్తమ్మ కొంగు నడుముకు చెక్కి దాని వెనక పడింది. ఆమె వెనక పక్కింటి వదిన, ఆ వెనక చెప్పుల్లేకుండా నేను. అటు తరిమితే ఇటు, ఇటు తరిమితే అటు. మోకాళ్ల దాకా మట్టి, మొహం నిండా ఆకు గీతలు. ఆఖరికి అత్తమ్మ గట్టు మీద కూలబడి, "తల్లీ, ఈసారికి టెంకాయతోని సర్దుకో" అని గుడి వైపు దండం పెట్టింది. "బయానా వాపసిచ్చిందవ్వా" అంది వదిన. ఇక ఆ నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని నవ్వాను. వేప చెట్టు కింద ఆకులో బెల్లమన్నం తింటూ కూడా, మధ్యలో కోడి గుర్తొచ్చి పొలమారింది. అంత తీపి అన్నం ఎన్నడూ తిన్నట్టు లేదు.

ఇంటికొచ్చి మెట్లెక్కితే ఫోనులో మా ఆయన కాల్స్ ఏడు ఉన్నాయి. చేశాను. ఆయన గొంతు వినగానే తెలిసిపోయింది. చెడ్డదే. ఆపరేషను చేయాలన్నారట, ఆలస్యం చేయొద్దన్నారట.

కిందికి దిగి, ఏడవలేక అత్తమ్మ మీద విరుచుకుపడ్డాను. "నీ పోచమ్మ కోడిని ఎందుకు తీస్కోలేదో గిప్పుడు తెలిసింది" అన్నాను. ఆమె చాట పక్కన పెట్టింది. చుడుతున్న బీడీని ఆమె సగంలో వదిలేయడం నేను మొదటిసారి చూశాను.

"దానికీ దీనికీ ఏం సంబంధం బిడ్డా. నేను పల్సటి దారంతోని కట్టిన, గందుకే తెగింది. నాదే తప్పు" అంది. నన్ను దగ్గరికి లాక్కుని, "గిప్పుడు ఏడ్వు. పొద్దుగాల నవ్వినవ్, మంచిగైంది" అంది. ఇద్దరం ఏడ్చాం. బస్సు టైము దాటిపోయింది. చూడలేదు.

ఆపరేషను అయింది. జుట్టు రాలింది, మళ్లీ మొలిచింది. ఆరు నెలలకోసారి ఇప్పటికీ పరీక్ష ఉంటుంది, అది దగ్గర పడితే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. ఆ కష్టంతో నేనేమీ మారిపోలేదు. కానీ చాలా రోజుల తర్వాత ఫోనులో ఆ తేదీ వెతికి చూశాను. మా ఆయన మొదటి కాల్ పదకొండూ పదికి వచ్చింది. అప్పటికి నేను మక్క చేనులో కోడి వెనక పరుగెత్తుతున్నాను. అంటే నా జబ్బు సంగతి తేలిపోయాక కూడా, ఇంకో గంటన్నర సేపు, నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ గంటన్నర మీద ఏ రిపోర్టుకూ హక్కు లేకపోయింది. ఇంత బతుకులో నేను ఉన్నచోటే ఉన్న కాలం ఏదైనా ఉందంటే, అదే.