ఫ్యాక్టరీ వాసన వచ్చిన మందు

డెబ్బయ్యవ దశకంలో మేము పటాన్‌చెరులో కిరాయికి ఉండేవాళ్లం. నాకప్పుడు ఏడో నెల. ఒళ్లంతా ఒకటే దురద, గోకి గోకి అరచేతులు పుండ్లయ్యాయి. సంగారెడ్డి ఆసుపత్రిలో డాక్టరమ్మ పొడి పొట్లాలిచ్చి, నీళ్లలో కలుపుకుని తాగమన్నారు.

సాయంత్రం గ్లాసు నోటిదాకా తెచ్చానో లేదో, డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన లాక్కున్నారు. ఫ్యాక్టరీలో బాయిలర్ నీళ్లను శుద్ధిచేసే రెజిన్ గుళికల దగ్గర ఆయన పని.

"ఏందిది? మా రెజిన్ లెక్కనే నీచు వాసనొస్తుంది! గిది తాగుతవా?" అంటూ పారబోశారు.

"పొద్దుగాల ఒక పొట్లం తాగిన," అన్నాను. ఆయన వెంటనే నన్ను సంగారెడ్డి బస్సెక్కించారు.

ఆయన వాసన సంగతి చెబితే డాక్టరమ్మ కోప్పడలేదు. "రెండూ ఒకే జాతివయ్యా. మీది నీళ్లలో లవణాలను పట్టుకుంటుంది. ఇది మందుగా తయారుచేసింది, కడుపులో ఈ దురద తెచ్చే పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. బిడ్డకేం భయంలేదు," అన్నారు.

ఇంటికొచ్చాక ఆయనే పొట్లం విప్పి కలిపారు. ముందు తానొక గుక్క తాగి ముఖం చిట్లించారు.

"జెర ఇసుక తిన్నట్టుంది. ఏం గాదు, తాగు."

కొద్దిరోజులకు దురద తగ్గింది. పాప క్షేమంగా పుట్టింది. ప్రేమగా మాట్లాడడం మా ఆయనకు ఎన్నడూ చేతకాలేదు. నాకు మాత్రం ఆయన తాగిన ఆ గుక్క చాలు.