రెండు కేబుళ్లు, ఒకే గుంత

శనివారం పొద్దున ఏడున్నరకు నల్లగండ్లలో ఇంటి నుంచి బయల్దేరేటప్పటికే నాకు ఒళ్లు మండిపోతోంది. బోరబండలోని ఒక చిన్న దవాఖాన కోసం రోగుల వివరాలు దాచే పద్ధతిని రెండేళ్లుగా తయారు చేస్తున్నాను. నా పరిశోధన అంతా అదే. వివరాలు మాదాపూర్ సర్వర్లలో ఉంటాయి. అక్కడికి వేరువేరు దారుల్లో రెండు కేబుళ్లు. ఒకటి తెగితే రెండోది క్షణాల్లో అందుకోవాలి. మొన్న మంగళవారం రెండూ ఒకేసారి చచ్చాయి. ఎవరికి ఏ మందు పడదో నర్సు సరితకు గంటసేపు కంప్యూటర్లో కనిపించలేదు. "కాకతాళీయం అండీ," అన్నారు మా విభాగాధిపతి ప్రసాదరావు గారు. సోమవారం నుంచి ఆ దవాఖానలో కాగితం మీద రాయడం మానేస్తున్నారు. అందుకే ఆ కేబుళ్ల వెంట నడిచి చూడాలనుకున్నాను.

లింగంపల్లిలో 8:05 లోకల్ రైలు ఎక్కాను. టికెట్ ఐదు రూపాయలు. పక్కన పూలబుట్టతో కూర్చున్నావిడ ఎక్కడికని అడిగింది. భూమిలో కేబుల్ ఎటు పోయిందో చూడ్డానికన్నాను.

"చదువుకున్నోళ్లకు గదేం పని మేడం!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

బోరబండలో దిగి, ముప్పై రూపాయల ఇడ్లీ తిని, కంపెనీలిచ్చిన మ్యాపులు తీశాను. మొదటి కేబుల్ అల్లాపూర్, పర్వత్‌నగర్ మీదుగా మాదాపూర్ చేరుతుంది. రెండోది ఇంకో కంపెనీది. మూసాపేట, కూకట్‌పల్లి చుట్టి వస్తుంది. ముద్రలు వేసి మరీ ఇచ్చారు. మొదటి దారి పట్టాను. మీరెవరైనా ఇటు నడిస్తే టోపీ, నీళ్లసీసా మరవకండి. ఫుట్‌పాత్ మీద ఆశ పెట్టుకోకండి.

పదిన్నరకు పర్వత్‌నగర్ దగ్గర ఒక గుంత పక్కన గొడుగు కింద కేబుల్ అతుకుతూ యాదయ్య అనే పనివాడు కనిపించాడు. యాభై దాటిన మనిషి. గుంతలో మొదటి కేబుల్ ఉన్న నారింజ పైపు, దాన్ని ఆనుకుని నీలం పైపు. నీలం పైపు మీద రెండో కంపెనీ పేరు!

"ఇది కూకట్‌పల్లి మీదుగా పోవాలి కదా?"

"ఎవరన్నరమ్మా? అట్ల తిప్పితే మల్ల పర్మిషన్లు, మల్ల తవ్వుడు. కంపెనీలు రెండైతే ఏంది, గుంత ఒక్కటే. మంగళారం జేసీబీ రెండింటినీ ఒక్క దెబ్బకు తెంపింది."

పని కాగానే తన బండి మీద ఎక్కించుకుని మరో మూడు చోట్ల మ్యాన్‌హోల్ మూతలెత్తి చూపించాడు. అన్ని చోట్లా నారింజ, నీలం పక్కపక్కనే. రెండేళ్లు నేను కట్టిన లెక్కలన్నీ ఈ అబద్ధం మీదే నిలబడ్డాయి.

ఒంటిగంటకు మాదాపూర్ మెస్సులో ఎనభై రూపాయల పెరుగన్నం సగం వదిలేసి ప్రసాదరావు గారికి ఫోన్ చేశాను.

"మ్యాపు వాళ్లిచ్చిందే కదండీ. జర్నల్‌కి మన పేపరు కూడా పంపేశాం. ఎవరు తవ్వి చూస్తారు?"

"నేను చూశాను," అని పెట్టేశాను. అక్కడే కూర్చుని పేపరు వెనక్కి తీసుకుంటున్నానని జర్నల్‌కి రాశాను.

ఇంటికి హైటెక్ సిటీ స్టేషన్‌లో 4:40 లోకల్. రోగులందరూ వెళ్లేదాకా సరిత ఫోన్ ఎత్తదు. రైలు కదిలాక దొరికింది.

"సరితా, సోమవారం రిజిస్టర్లు ఆపొద్దు. రెండు దారులు లేవు. నేను చూడకుండా చెప్పాను."

సరిత మెల్లగా అంది, "పాత రిజిస్టర్లు గురువారమే తూకానికి ఏసినం మేడం. ఇగ అవసరం లేదని మీరే చెప్తిరి గదా. అన్నీ మీ కంప్యూటర్లనే ఉన్నయి."

హఫీజ్‌పేటలో దిగిపోయాను. స్టేషన్ బయట మూడు పెద్ద నోట్‌బుక్కులు కొని, బోరబండ రైలు కోసం అవతలి ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డాను. ఆ కంపెనీల మీద కోపం పిసరంత కూడా దిగలేదు. వాళ్ల మ్యాపును నేను నమ్మాను, నన్ను సరిత నమ్మింది. ఆ లైను మళ్లీ తెగేలోగా ప్రతి పేరూ, ప్రతి మందూ నా చేత్తో కాగితం మీదికి ఎక్కించాలి.